కవిలె కట్టలూ చెరువు కట్టలూ

తెలుగునాట ఏ ఊరి చరిత్ర అచ్చయినా దాని తొలి పుట దాదాపు ఒకే రీతిగా ఉంటుంది. ఆ ఊరి శివలింగాన్ని పాండవులో పరశురాముడో ప్రతిష్ఠించి ఉంటారు. శ్రీకృష్ణదేవరాయలు దండయాత్రకు పోతూ ఊరి తోపులో ఒక రాత్రి విడిది చేసి ఉంటాడు. చివరి పుటలో గుడి జీర్ణోద్ధరణకు చందాలిచ్చిన దాతల పట్టిక కనబడుతుంది. ఈ రెండు పుటల నడుమ నాలుగైదు వందల సంవత్సరాలు చప్పుడు లేకుండా గడిచిపోతాయి. ఊరి చెరువును ఎవరు తవ్వించారు, దాని తూము తెరిచే అధికారం ఎవరిది, బడి ఏ ఏట వెలసింది, తొలి పంతులుకు జీతం ఎవరిచ్చారు, కరణం ఇంటి అటక మీది కాగితాలు ఏమైనవి అన్న ప్రశ్నలకు ఆ పుస్తకంలో చోటు దొరకదు.

ఇది అభిమానం చాలక వచ్చిన లోపం కాదు. చరిత్ర అంటే రాజుల కథ అనే భ్రమ వల్ల వచ్చిన లోపం. రాజులు ఊరికి అతిథులు. వచ్చారు, దానశాసనం వేయించారు, వెళ్ళిపోయారు. చెరువు, చావడి, సత్రం, బడి, గుడిమాన్యం, గ్రంథాలయం ఇంటివారు. అతిథుల రాకపోకలను వర్ణించి ఇంటివారి పేర్లు మరచిన చరిత్రను ఆ ఊరి చరిత్ర అనడం సాహసమే అవుతుంది. ఈ మాట ఏ సీమకైనా చెల్లుతుంది. కాని సామగ్రి పుష్కలంగా ఉండి కూడా దానిని వాడుకోవడంలో వెనుకబడిన సీమను తీసుకుంటే ఈ లోపం మరింత స్పష్టంగా కనబడుతుంది. కడప జిల్లా అటువంటిది.

కడపను గురించి తలచినప్పుడు విద్యావంతులకు ముందుగా తోచేది కలమళ్ళ. అక్కడి చెన్నకేశవాలయ ప్రాంగణంలోని రేనాటి చోళుల శాసనం, ఎరికల్ ముత్తురాజు ధనంజయుని నాటిది, క్రీ.శ. 575 ప్రాంతానిదని పండితుల నిర్ణయం. తెలుగు భాషలో దొరికిన తొలి శాసనంగా దానికి గొప్ప గౌరవం ఉన్నది. అది ఉండదగినదే. అయితే ఈ గౌరవం వల్ల ఒక చిక్కు వచ్చింది. కడప చరిత్ర అనగానే ఉపన్యాసకులు కలమళ్ళతో ఆరంభించి, గండికోట మీదుగా నడిచి, ఒంటిమిట్ట కోదండరాముని సేవించి, సభ ముగించడం ఆచారమైపోయింది. ఆ దారిలో పోరుమామిళ్ళ తగలదు.

బద్వేలు తాలూకాలోని ఆ పోరుమామిళ్ళలో, శిథిలమైన భైరవాలయం ముందు, రెండు రాతి పలకల మీద చెక్కిన ఒక శాసనం ఉన్నది. భాష సంస్కృతం, లిపి తెలుగు, కాలం శకవర్షం 1291, అనగా క్రీ.శ. 1369. విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కుమారుడు, ఉదయగిరి రాజ్యాన్ని పాలించిన భాస్కరుడు (భవదూరుడని మరో పేరు) అక్కడ చెరువు కట్టించిన సంగతిని అది చెబుతున్నది. ఇంతవరకు ఇందులో విశేషం లేదు. చెరువు కట్టించిన ప్రభువులు వందలమంది. విశేషమంతా ఆ తరువాతి భాగంలో ఉన్నది. మంచి చెరువుకు ఉండవలసిన అంగాలు పన్నెండనీ, తప్పించవలసిన దోషాలు ఆరనీ ఆ శాసనం వివరంగా లెక్క పెట్టింది.

పన్నెండు అంగాలలో మొదటిది ధర్మబుద్ధీ ధనమూ కీర్తికాంక్షా గల ప్రభువు. శాసనం వేయించిన వాడు ప్రభువే గనుక ఈ మాట మొదట రావడంలో వింత లేదు. రెండవది జలశాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడు. ఆ పైని గట్టి బంకమన్ను గల నేల, మూడు యోజనాల దూరం నుంచి తీపినీరు మోసుకు వచ్చే ఏరు, చెరువును ఆనుకొని ఉండే కొండ, ఆ కొండ కొసల నడుమ మరీ పొడుగు కాని దిట్టమైన రాతికట్ట, విశాలమై లోతైన గర్భం, సమీపాననే నిడుపాటి రాళ్ళు దొరికే గని, దిగువను చదునైన సారవంతమైన పొలాలు వరుసగా వస్తాయి. అన్నిటికీ చివర, పని తెలిసిన కూలిజనం. దోషాల పట్టిక ఇంకా ఆశ్చర్యకరమైనది. కట్టనుంచి నీరు ఊరడం ఒక దోషం, చవిటినేల మరొకటి, చెరువు నడుమ తాబేటి వీపులా మెరక ఉండడం ఇంకొకటి. నీరు తక్కువై పొలం ఎక్కువ కావడమూ, పొలం తక్కువై నీరు ఎక్కువ కావడమూ రెండు దోషాలు. మిగిలినది రెండు రాజ్యాల పొలిమేరలో చెరువు ఉండడం.

ఈ చివరిది ఇంజనీరుకు తోచే దోషం కాదు. నీటి తగాదాలను కళ్ళారా చూచినవాడికే తోచేది. కట్ట ఒకరి ఏలుబడిలోను, ఆయకట్టు మరొకరి ఏలుబడిలోను ఉంటే, తెగిన కట్టను పూడ్చేవాడెవడు? ఈ ప్రశ్నను పద్నాలుగో శతాబ్దంలో రాతిమీద చెక్కించినవాడు పండితుడే కాక లోకజ్ఞుడు కూడా. శాసనం ఇంకా కొన్ని లెక్కలు చెబుతున్నది. నిత్యం వేయిమంది కూలీలు పనిచేశారు. రాతికట్టకు కావలసిన రాళ్ళను నూరు బండ్లు తోలినవి. రెండేళ్ళకు పని ముగిసింది. ఆరున్నర శతాబ్దాలు గడిచినా ఆ చెరువు నేటికీ ఉన్నది. కడప జిల్లా పాఠశాలల్లో తాజమహలు కట్టడానికి పట్టిన ఏళ్ళను కంఠస్థం చేసే బాలురకు తమ తాలూకా చెరువు కట్టడానికి పట్టిన రెండేళ్ళ సంగతి ఎవరూ చెప్పరు.

చెరువు కట్టడం ఒక ఎత్తు, నిలబెట్టడం మరో ఎత్తు. దానికి ఈ సీమలో ఏర్పడిన వ్యవస్థ దశబంధం. చెరువు కట్టించినవాడికో, ఏటేటా మరమ్మతు చూసేవాడికో ఆ చెరువు కింద సాగయ్యే భూమి శిస్తులో పదోవంతు మినహాయింపుగా, లేదా అంత విలువగల మాన్యంగా ఇవ్వడం దీని తత్త్వం. దత్తమండలాల్లో, ముఖ్యంగా కడప జిల్లాలో ఇది విరివిగా వ్యాపించింది. ఇందులోని కిటుకును గమనించాలి. చెరువు నిండితే ఆయకట్టు సాగవుతుంది, ఆయకట్టు సాగైతేనే దశబంధందారు మాన్యానికి విలువ. కట్టలో గండి పడితే రైతుతోపాటు అతడూ నష్టపోతాడు. ధర్మబుద్ధిని, స్వార్థాన్ని ఒకే కాడికి కట్టిన ఏర్పాటు ఇది.

అయితే దీనిని స్వర్ణయుగంగా వర్ణించడం పొరపాటు. మాన్యం తరతరాలుగా అనుభవిస్తూ తట్టెడు మట్టి వేయించని దశబంధందార్లు లేకపోలేదు. మరమ్మతు చాకిరీ చివరకు ఎవరి వీపున పడేదో కూడా తెలిసినదే. 1858లో మదరాసు ప్రభుత్వం చేసిన నిర్బంధ చాకిరీ చట్టం ఊరివారిచేత చెరువు పనులు బలవంతంగా చేయించడానికి అధికారులకు హక్కు ఇచ్చింది. ఊరివారు ఉమ్మడిగా చేసుకునే కుడిమరామత్తు అనే పాత ఆచారానికి ఆ చట్టం కొత్త కొరడా. ఆ పిమ్మట ఇనాముల విచారణ జరిగి ప్రతి మాన్యమూ రిజిస్టరులోకి ఎక్కింది. 1956 నాటి ఇనాముల రద్దు చట్టంతో ఇనాం భూములు రైత్వారీ పట్టాలుగా మారే దారి ఏర్పడింది. భూమికి పట్టా వచ్చింది. ఆ భూమి ఏ పని నిమిత్తం ఇచ్చారో ఆ పనికి మాత్రం కొత్త యజమాని పుట్టలేదు. ఈనాడు చెరువు గర్భంలో ఇళ్ళ స్థలాలు వెలుస్తూంటే అడిగేవారు లేరని వాపోయే పెద్దలు, అడిగే బాధ్యత ఒకప్పుడు ఎవరిదో, అది ఎప్పుడు ఎలా జారిపోయిందో తమ ఊరి వరకైనా వ్రాసి పెడితే, ఆ వాపోవడానికి కొంత బలం చేకూరేది.

దానికి ఆధారాలు ఎక్కడ అని అడిగేవారికి జవాబు కడప జిల్లాలోనే ఉన్నది. 19వ శతాబ్దపు తొలినాళ్ళలో కర్నల్ కాలిన్ మెకంజీ మనుషులు ఈ సీమలో ఊరూరా తిరిగి వ్రాయించిన కైఫియత్తులు అవి. మెకంజీ స్కాట్లండు దీవులలో పుట్టి, 1783లో మదరాసు వచ్చి, 1815లో భారతదేశానికంతకూ తొలి సర్వేయరు జనరలు అయి, 1821లో మరణించాడు. అతని పేరు అందరికీ తెలుసు. అతని కన్ను, చెవి, నాలుక అయినవారు ఏలూరి కావలి సోదరులు. బొర్రయ్య 1803లో చిన్న వయసునే పోయాడు. ఆ భారం లక్ష్మయ్య వహించాడు. రామస్వామి దక్కను కవుల చరిత్రను ఇంగ్లీషులో వ్రాసి 1829లో అచ్చు వేశాడు. ఆ సేకరణను మెకంజీ మరణానంతరం కుంపిణీ ప్రభుత్వం లక్ష రూపాయలకు కొన్నది. తెలుగు పల్లెల కరణాలు చావడి అరుగుల మీద కూర్చుని చెప్పిన మాటలకు ఆనాడు అంత వెల పలికిందన్నమాట.

కైఫియత్తు అంటే ఒక ఊరి స్థితిగతులను గురించిన వాఙ్మూలం. మౌజే, సముతు, తాలూకా పేర్లతో మొదలై, ఆ చోట అడవి ఉండేదని, ఫలానావారు ఆవులమంద తోలుకువచ్చి గుడిసెలు వేసుకున్నారని, ఫలానా దేవరను ప్రతిష్ఠించారని, ఫలానా రాజు ఫలానా మాన్యం ఇచ్చాడని చెప్పుకుపోతుంది. నడుమ నడుమ శాసనాల నకళ్ళు వస్తాయి. సిద్ధవటం, చిట్వేలి ఏలిన మట్లివారి సంగతులు, మయానా నవాబుల అమలు, 1779 నాటి హైదరాలీ రాక, పాళెగాండ్ర దోపిళ్ళు, చివరకు 1800లో నిజాము ఈ మండలాలను కుంపిణీకి ధారపోయడం వరకు కథ నడుస్తుంది. ఈ వివరాలకు కరణాలకు ఆధారం దండకవిలెలు. చింతగింజల జిగురు, బొగ్గుపొడి కలిపి పూసిన గుడ్డ మడతల మీద బలపంతో వ్రాసిన కడితాలు, తాటాకు కట్టలు వంశపారంపర్యంగా వారి ఇళ్ళలో ఉండేవి.

వీటిని వేదవాక్కులుగా స్వీకరించేవారున్నారు. పుక్కిటి పురాణాలని తోసివేసేవారూ ఉన్నారు. ఇద్దరిదీ తొందరపాటే. కరణం నిష్పక్షపాతి కాడు. కొత్తగా వచ్చిన దొరతనం మాన్యాల జాబితా అడుగుతూంటే తన మాన్యం సత్యయుగం నాటిదని చెప్పుకునే అవసరం అతనికి ఉన్నది. జనమేజయుని సర్పయాగంలో ఇచ్చిన అగ్రహారాల సంఖ్య చూస్తే ఆ చక్రవర్తికి యాగం కన్న దానపత్రాలు వ్రాయడమే పెద్ద పని అయి ఉంటుందనిపిస్తుంది. కాని చరిత్ర వ్రాసేవాడికి అబద్ధం కూడా ఒక ఆధారమే. అది ఎందుకు చెప్పవలసి వచ్చిందో తెలిస్తే నిజానికి దారి దొరుకుతుంది. పైగా చెరువులు, వాగులు, పొలిమేర రాళ్ళు, పాడుపడిన పల్లెల పేర్లు మొదలైన విషయాలలో కరణానికి అబద్ధమాడే అవసరం తక్కువ. స్థానిక చరిత్రకు కావలసిన బంగారమంతా అక్కడే ఉన్నది.

కైఫియత్తులలోని అసలు లోపం వేరు. కరణం తనకు కనబడినవారినే వ్రాశాడు. నీరుగంటి, తలారి, వెట్టివాడు, మాదిగ, కుమ్మరి అందులో మాన్యపు కుంటల లెక్కలుగా వస్తారే కాని మనుషులుగా రారు. స్త్రీలు గుడి కట్టించిన రాణులుగానో, ఊరికోసం బలి అయి వెలసిన పేరంటాండ్రుగానో తప్ప కనబడరు. పోరుమామిళ్ళ శాసనం పనివాండ్రను వేయిమంది అని లెక్క అయినా చెప్పింది. కైఫియత్తులలో చాలా చోట్ల ఆ లెక్క కూడా లేదు.

ఈ రాతలు నశించకుండా నిలవడంలో సి.పి. బ్రౌను పాత్ర ఉన్నది. 1820లో కడపకు చిన్న ఉద్యోగిగా వచ్చి, బదిలీపై వెళ్ళి, 1826లో మళ్ళీ వచ్చిన ఆ మనిషి, అక్కడ బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పోషించి, వ్రాతప్రతులను సరిచూపించిన ముచ్చట తెలుగువారందరికీ తెలిసినదే. అయోధ్యాపురం కృష్ణారెడ్డి ఆ వ్యవహారమంతా చూచేవాడు. మెకంజీ తెలుగు రికార్డులు శిథిలమవుతున్నప్పుడు వాటికి నకళ్ళు వ్రాయించిన వాడు కూడా బ్రౌనే. అతని బంగళా కాలక్రమంలో మొండిగోడలైంది. ఆ స్థలంలో గ్రంథాలయం లేపడానికి జానమద్ది హనుమచ్ఛాస్త్రి 1980వ దశకం నుంచి పడిన పాట్లు కడపలో నేటికీ చెప్పుకుంటారు. ఒక్కొక్క రూపాయి చందా కూడా కాదనకుండా పోగుచేసి ఆయన నిలబెట్టిన ఆ సంస్థ పిమ్మట యోగి వేమన విశ్వవిద్యాలయం నీడకు చేరింది. కడప జిల్లా కైఫియత్తులను కట్టా నరసింహులు పరిష్కరించగా సంపుటాలుగా ప్రకటించినది ఆ సంస్థే. ఇన్నాళ్ళకు కరణాల మాట కడపకే తిరిగి వచ్చింది. కాని ఆ సంపుటాలను ముందు పెట్టుకొని, ఈ చెరువు నేడున్నదా, ఈ పల్లె ఎందుకు పాడయింది, ఈ సత్రం మాన్యం ఎవరి చేతిలో ఉన్నది అని ఊరూరా పోల్చి చూచే పని ఇంకా బాకీ ఉన్నది.

దొరతనంవారి పుస్తకాలు కూడా ఉన్నవి గదా అనవచ్చును. ఉన్నవి. గ్రిబుల్ వ్రాసిన కడప జిల్లా మాన్యుయల్ 1875లో, బ్రాకెన్‌బరీ గెజెటీరు 1915లో వెలువడినవి. అవి కలెక్టరు బల్ల మీదికి చేరిన కాగితాల నుంచి పుట్టినవి. శిస్తు ఎంత, వాన ఎంత, నేరాలు ఎన్ని అన్నది వాటి ప్రధాన చింత. గ్రిబుల్ పుస్తకం అచ్చయిన మరుసటి ఏడే ధాత కరవు వచ్చి ఈ సీమను దహించివేసింది. అంతకు ముందటి ఏటి ప్రశాంతమైన అంకెలను అందులో చదువుతూంటే ఎవరికైనా ఒళ్ళు జలదరించక మానదు. పొరుగు కర్నూలు ఈ విషయంలో అదృష్టం గలది. ఆ జిల్లా మాన్యుయల్‌ను 1886లో వ్రాసినవాడు తెలుగువాడే: డిప్యూటీ కలెక్టరు నరహరి గోపాలకృష్ణమ సెట్టి. 1872లో శ్రీరంగరాజ చరిత్ర వ్రాసి, తెలుగులో తొలి నవల ఏది అన్న వివాదంలో నేటికీ పేరు వినబడేది ఆయనకే. నవలాకారుడు జిల్లా చరిత్ర వ్రాయడం చిన్న విశేషం కాదు. సాహిత్య చరిత్రకారులు ఆయన నవలను తలచుకున్నంతగా ఆ రెండో పుస్తకాన్ని తలచుకోకపోవడం మాత్రం న్యాయం కాదు.

జిల్లా చరిత్ర వ్రాయబూనిన వారిని తికమక పెట్టే మరో సంగతి జిల్లా అనేదే స్థిరమైనది కాకపోవడం. 1808లో దత్తమండలాలను బళ్ళారి, కడప అని రెండుగా విడదీసినప్పుడు పుట్టిన కడప జిల్లా నేటి జిల్లాకు ఎన్నో రెట్లు. కంభం, మార్కాపురం, కోయిలకుంట్ల 1858లో కర్నూలుకు పోయినవి. కదిరి 1910లో అనంతపురానికి, మదనపల్లె, వాయల్పాడు 1911లో కొత్తగా ఏర్పడిన చిత్తూరుకు వెళ్ళినవి. 2022లో మళ్ళీ విభజన జరిగి రాయచోటి కేంద్రంగా అన్నమయ్య జిల్లా వచ్చింది. కనుక మదనపల్లె చరిత్ర వ్రాసేవారు చిత్తూరులోనే వెదికితే 1911కు ముందటి కాగితాలు దొరకవు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు ఇందుకు మంచి ఉదాహరణ. 1847 ఫిబ్రవరిలో అతన్ని ఉరితీసిన కోయిలకుంట్ల నేడు నంద్యాల జిల్లాది, మొన్నటివరకు కర్నూలు జిల్లాది. కాని అతడు తిరగబడిన నాడు అది కడప జిల్లా. అతన్ని వెంటాడించిన కలెక్టరు కాక్రేను కడపలో కూర్చున్నవాడు. ఒక్క తిరుగుబాటు కాగితాలకు మూడు జిల్లాల గడప తొక్కాలి. రెండు రాజ్యాల పొలిమేరలో ఉండడం చెరువుకే కాదు, చరిత్రకూ దోషమే.

గీతలు మారినా ఊరి కాగితాలు ఊరిలో ఉన్నంతకాలం ఇబ్బంది అంతగా తెలియలేదు. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామాధికారుల పదవులను రద్దు చేసింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినవి. వంశపారంపర్యపు కరణీకం పోవడాన్ని తప్పుపట్టడం న్యాయం కాదు. ఊరి భూముల లెక్క ఒకే కుటుంబం గుప్పిట్లో ఉండడం వల్ల పేదరైతు పడ్డ అగచాట్లు ఎన్నో. కలం పోటు కత్తిపోటు కన్న లోతని అనుభవించినవారికే తెలుసు. పదవి పోవడం మంచిదే. పదవితోపాటు కాగితాలు కూడా చెల్లాచెదురు కావడం మాత్రం మంచిది కాదు. అడంగళ్ళు, చిట్టాలు, జమాబందీ లెక్కలు వీలైనంత వరకు కచేరీలకు చేరినవి. సర్కారు అడగని కాగితాలు చేరలేదు. పాత కవిలెలు, చెరువు పనుల లెక్కలు, ఊరుమ్మడి తీర్మానాలు, వరద వచ్చిన ఏట నీరు ఎంతవరకు ఎక్కిందో గుర్తు వ్రాసిన పుటలు అలాంటివి. వాటిని అడగాలన్న ఊహ ఆ ఉత్తరువు వ్రాసినవారికి కలగలేదు. అవి అటకల మీదనే ఉండిపోయి, ఇళ్ళు పడగొట్టినప్పుడు పెంటకుప్పలకు పోయినవి, చెదలకు మేతైనవి.

ఇటువంటి కాగితాలకు ఇప్పుడు ఏమి ప్రయోజనమని అడిగేవారికి చెయ్యేరు గుర్తు చేయవచ్చును. 2021 నవంబరులో ఆ ఏటి మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయి, దిగువ ఊళ్ళు మునిగి, ప్రాణనష్టం జరిగింది. ఆ దుర్ఘటనకు కారణాలు విచారించడం నిపుణుల పని. కాని ఒక ఏటి పాత నడకను, అది ఏ ఏట ఎంత ఎత్తున వచ్చి ఏ గుడి మెట్టును తాకిందో ఊరివారు తరతరాలుగా వ్రాసి పెట్టుకొని ఉంటే, వరద రాత్రి మెరకకు పోవలసిన దారి పిల్లలకు కూడా తెలిసి ఉండేది. స్థానిక చరిత్ర పండితుల విలాసం కాదనడానికి ఇంతకన్న వేరే సాక్ష్యం అక్కరలేదు.

ఈ పని విశ్వవిద్యాలయాలు చేస్తాయని కూర్చోవడం వ్యర్థం. వారికి వారి పని ఉన్నది. పైగా పోరుమామిళ్ళ మరవ ఎటు పారుతుందో పోరుమామిళ్ళవారికి తెలిసినట్లు మరొకరికి తెలియదు. ఇది ఉన్నత పాఠశాల తెలుగు పంతులు, శాఖా గ్రంథాలయ పాలకుడు, పింఛను పుచ్చుకున్న రెవెన్యూ ఉద్యోగి కలిసి చేయగల పని. బద్వేలు, సిద్ధవటం, రాజంపేట, రాయచోటి, పులివెందుల, కమలాపురం, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, కడప అనే పాత తాలూకాల ప్రకారం పోతే పాత కాగితాలు, కొత్త కాగితాలు కలుస్తాయి; మండలాల ప్రకారం పోతే కలవవు. మొదట పుస్తకం వ్రాయబూనరాదు. ముందు పట్టిక కావాలి. ఏ బడిలో ఏ ఏటి నుంచి ప్రవేశపు రిజిస్టరు ఉన్నది, జమ్మలమడుగు క్యాంబెల్ ఆసుపత్రి వంటి పాత సంస్థల్లో ఏ పుస్తకాలు మిగిలినవి, ఏ గుడికి లెక్కల దస్త్రం ఉన్నది, ఏ గ్రంథాలయంలో తొలి చిట్టా దొరుకుతుంది, ఇనాం రిజిస్టరులో దశబంధంగా నమోదైన చెరువులు ఎన్ని, వాటిలో నీరు నిలిచేవి ఎన్ని అనేవి ఆ పట్టికలోకి రావాలి. బడి ప్రవేశపు రిజిస్టరు ఒక్కటి చాలు, ఏ కులం పిల్లలు ఏ ఏట తొలిసారి బడి గడప తొక్కారో, ఆడపిల్ల పేరు ఎప్పుడు ఎక్కిందో, కరవు ఏట ఎందరు పేర్లు కొట్టివేశారో తెలుసుకోవడానికి. అటువంటి పుట ఒకటి నూరు దిగ్విజయాల కన్న ఆ ఊరికి దగ్గరిది.

కాగితం ఎక్కనిదీ చాలా ఉన్నది. శాసనం వేయిమందిలో ఒక్కరి పేరు చెప్పలేదు. కరణం నీరుగంటిని మాన్యపు కుంటలకింద జమకట్టాడు. గ్రిబుల్‌కు అతడు కనబడనే లేదు. చెరువు నిండిన ఏట ఏ మడికి ముందు నీరు వదలాలి, నీరు చాలని ఏట ఎవరి వంతు ఎన్ని గడియలు, తూము ఏ వైపు కారుతుంది, మరవ ఏయే సంవత్సరాలు పారింది అనేవి అతని నోట తప్ప మరెక్కడా లేవు. కరణీకాలు రద్దయిన 1984లో ముప్ఫై ఏళ్ళ వయసున్న నీరుగంటికి నేడు డెబ్బై దాటి ఉంటాయి. అతడింకా చాలా ఊళ్ళలో కట్ట మీది చింతచెట్టు కింద సాయంకాలం కూర్చునే ఉన్నాడు. ఈ సంగతులు అడగడానికి అతని దగ్గరకు ఇంతవరకు ఎవరూ వెళ్ళలేదు.